ఎదుటివాడి తప్పుల శాఖ

రోడ్డు మీద తప్పు ఎప్పుడూ ఎదుటివాడిదే. చక్రం పుట్టిన రోజు నుంచి అందరికీ తెలిసిన ఈ సంగతిని ప్రభుత్వం మొన్నీమధ్య గుర్తించింది. గుర్తించి ఊరుకోలేదు, ఒక శాఖ పెట్టింది. పేరు ఎదుటివాడి తప్పుల శాఖ. ముందునుంచి మీదకొచ్చే తప్పులకి ఒక అధికారి. పక్కనుంచి దూరే తప్పులకి ఇంకో అధికారి. వెనకనుంచి హారన్ కొట్టే తప్పులకి ఇద్దరు. (పని ఎక్కువ.) మన సొంత తప్పులకి మాత్రం ఎవరినీ వెయ్యలేదు. ఎవరూ అర్జీ పెట్టుకోలేదట.

శాఖ పెట్టిన రూలు ఒక్కటే. ప్రతి బండి అద్దానికీ కెమెరా ఉండాలి. బండి నడిపే ప్రతి మనిషీ నెలకి ఒక్క ఎదుటి తప్పయినా పట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే లైసెన్సు రద్దు. నెల మొత్తం మీద ఒక్క తప్పూ కనబడలేదంటే ఆ మనిషి రోడ్డు చూడటం లేదన్నమాట. చూడకుండా నడిపేవాడు ప్రమాదకరం. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెట్టినవాళ్ల అర్జీలు పరిశీలనలో ఉన్నాయి.

ఈ రూలు వచ్చి పోన్లే బాబాయి నెత్తిన పడింది.

పోన్లే బాబాయి ఆసుపత్రి దుప్పట్ల వ్యాను నడుపుతాడు. పొద్దున మాసినవి తీసుకెళ్తాడు, మధ్యాహ్నం ఉతికినవి తెస్తాడు. ఇన్నేళ్లలో వ్యాను మీద ఒక్క గీత లేదు. ఎవడైనా అడ్డం వచ్చాడా, బ్రేకు మీదకి కాలు, కిటికీలోంచి చెయ్యి, నోట్లోంచి "పోన్లే", మూడూ ఒకేసారి వెళ్లిపోతాయి. మరీ ఇరుకైతే వ్యానే వెనక్కి తీసుకుంటాడు. ఈ పని తప్ప ఇంకో పని రాదు. ఆ మాటకొస్తే సైకిలు కూడా రాదు.

కెమెరాకి ఆడగొంతు పెట్టారు. తప్పు దొరికితే "తప్పు నమోదైంది, ధన్యవాదాలు" అంటుంది. బాబాయి వ్యానులో అది నెలంతా ఆ మాట అనలేదు. ఒక రోజు బస్సు ఒకటి మీదమీదకి వచ్చేసింది. బాబాయి ఆగి, చెయ్యి ఊపాడు.

"ఆతిథ్యం" అంది కెమెరా.

రూల్సులో ఉంది. దారి ఇచ్చాక దూరినవాడు దోషి కాడు, అతిథి. ఆ నెల బాబాయికి నూట పన్నెండు మంది అతిథులు. తప్పు మాత్రం సున్నా.

దానికి తోడు ఊళ్లో తప్పుల కరువొచ్చింది. ఎవడి కెమెరాలో పడతామోనని అందరూ బుద్ధిగా నడపడం మొదలెట్టారు. శాఖ దీన్ని తీవ్రంగా పరిగణించింది.

నెలాఖరు రోజు పొద్దున్నే భార్య తగులుకుంది.

"నా తప్పులైతే రోజుకి పది కనిపిస్తాయి మీకు. అంత పెద్ద రోడ్డు మీద ఒక్కటి కనబడలేదూ?"

"నీతో ఉన్నప్పుడు బ్రేకు ఉండదు కదే" అన్నాడు బాబాయి.

"సాయంత్రానికి లైసెన్సు పోతే ఏం చేస్తారు? ఇంట్లో కూర్చుని నాకు దారిస్తారా?"

అప్పుడే బామ్మర్ది వచ్చాడు. వాడు నీళ్ల క్యాన్ల ట్రక్కు నడుపుతాడు. వాడు వీధిలోకి వస్తే కుక్కలు కూడా గోడెక్కుతాయి.

"ఇంట్లో ఇంత సరుకు పెట్టుకుని బయట వెతుక్కుంటావేంటి బావా?" అన్నాడు. "పద. నేను నీకు అడ్డం కొడతా, నువ్వు పట్టుకో. నువ్వు నాకు కొట్టు, నేను పట్టుకుంటా. నాకూ ఈ నెల ఒక్కటీ దొరకలా. నన్ను చూసి అందరూ ముందే పక్కకి పోతున్నారు."

ముగ్గురూ మార్కెట్ కూడలికి వెళ్లారు. చూస్తే ఊరంతా అక్కడే ఉంది. లైను తప్పడానికి లైను కట్టారు. ఆ లైను మాత్రం ఎవరూ తప్పలేదు.

ముందున్న గ్యాసు బండి ఆయన కారులోని పంతులమ్మని అడుగుతున్నాడు.

"ఎడమ నుంచి కొట్టనా అమ్మా, కుడి నుంచా?"

"ఎడమ నుంచి బాబూ. సిగ్నల్ లైటు వెయ్యకు, తప్పు చెడిపోతుంది."

కొట్టాడు. ఆవిడ కెమెరా ధన్యవాదాలు చెప్పింది.

"చాలా బాగా కొట్టావయ్యా! మరి నీకు? రాంగ్ రూటులో రానా?"

"అంత శ్రమ మీకెందుకమ్మా, హారన్ కొట్టండి చాలు."

బాబాయి వంతు వచ్చింది. బామ్మర్ది ట్రక్కు రయ్యిమని అడ్డం వచ్చింది. కాలు, చెయ్యి, పోన్లే.

"ఆతిథ్యం."

రెండోసారి ఆతిథ్యం. ఐదోసారి వ్యాను వెనక్కి కూడా తీసుకున్నాడు. "విశేష ఆతిథ్యం" అంది కెమెరా. బామ్మర్ది తల బయటపెట్టి అరిచాడు.

"బావా, నువ్వు పెళ్లికి పిలవట్లేదు నన్ను! ఆ కాలు తియ్యి!"

భార్య పక్కసీట్లోకి ఎక్కింది. కిటికీ వైపున్న ఆయన కుడి చెయ్యి లోపలికి లాగి రెండు చేతులతో బిగించి పట్టుకుంది. (పెళ్లయ్యాక అంత గట్టిగా పట్టుకోవడం అదే.)

"ఇక కళ్లు మూసుకోండి" అంది.

రోడ్డు చూస్తున్నానని రుజువు చేసుకోవడానికి పోన్లే బాబాయి కళ్లు మూసుకున్నాడు.

ఠప్పుమంది. ఒక క్యాను దొర్లింది. రెండు బండ్లలోంచీ రెండు ఆడగొంతులు ఒక్కసారే పలికాయి. "తప్పు నమోదైంది, ధన్యవాదాలు!" ఇద్దరి లైసెన్సులూ ఖాయం. కూడలంతా చప్పట్లు కొట్టింది. వ్యానుకి మొదటి సొట్ట. భార్య దాన్ని చీరకొంగుతో తుడిచి మురిసిపోయింది.

ఇక మిగిలింది ముద్ర. అది శాఖ ఆఫీసులో సాయంత్రం లోపల వేయించుకోవాలి. బాబాయి వ్యానుని గేటు పక్కనే నిలిపి లోపలికి వెళ్లాడు. బంధువుల తప్పుల కిటికీ దగ్గర గుమాస్తా కాగితం తిరగేశాడు. బంధువు మీద ఫిర్యాదయితే ఒక ప్రశ్న అడిగి తీరాలని రూలు.

"వెనక్కి తీసుకుంటారా?"

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, గేటుకి అడ్డంగా ఉందా సార్? ఇప్పుడే తీసుకుంటా!"

గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. "బాగా ఆలోచించుకునే చెప్తున్నారా?"

"ఆలోచించేదేముంది సార్, జీవితమంతా వెనక్కి తీసుకుంటూనే ఉన్నా."

"ఎవరి ఒత్తిడీ లేదు కదా?"

"లేదండీ. ఎదుటివాళ్లకి ఇబ్బంది కలగకూడదు, అంతే."

గుమాస్తాకి గుండె కరిగింది. ఇంత మంచి మనిషిని ఆ కిటికీ ఇంతవరకు చూడలేదు. "వెనక్కి తీసుకోబడినది" అని ముద్ర కొట్టాడు, లేచి నిలబడి చెయ్యి కూడా కలిపాడు.

బాబాయి బయటికి పరిగెత్తి వ్యాను రెండు గజాలు వెనక్కి తీసి వచ్చేసరికి కిటికీ మూశారు.

బామ్మర్ది ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. (వాడిది ఇంకో కిటికీ. వాడినీ అడిగారు. "మనకి రివర్స్ అలవాటు లేదు సార్" అన్నాడట.)

మర్నాడు వ్యాను తాళాలు ఇంకొకరికి ఇచ్చారు. శాఖ ఆ నెల ప్రకటన ఆఫీసు గోడకి అంటించింది. బాబాయి నడిచి వెళ్లి, తలెత్తి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకున్నాడు.

"ఇన్నేళ్లుగా తప్పించుకు తిరుగుతున్న ప్రమాదకర డ్రైవరు ఒకరిని ఎట్టకేలకు గుర్తించి, రోడ్డు మీద నుంచి తొలగించడమైనది."