మా మేడ మీది కుయ్‌కుయ్

ప్రతి ఇంటి మేడ మీదా ఒక పాత వీడియో గేమ్, దాన్ని వాయించడానికి ఒక కిరాయిదారు తప్పనిసరిగా ఉండాలని ప్రభుత్వం వెంటనే చట్టం చేయాలి.

నవ్వకండి! పటాన్‌చెరు దగ్గర మా కాలనీ మొత్తంలో ఈ భాగ్యం నా ఒక్కదానికే దక్కింది. పై గదిలో బిల్లీ ఉంటాడు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీలో పని. డ్యూటీ దిగి, స్నానం చేసి, అరచేతిలో పట్టే పాత గేమ్ డబ్బా ఒకటి బయటికి తీస్తాడు. ఒకప్పుడు పిల్లలు దాంట్లో బొమ్మను దుమికించి ఆడుకునేవారట. బిల్లీ ఆడడు. దాంతో పాటలు కడతాడు. దీన్ని చిప్‌ట్యూన్ అంటారని నాకు ఎంతో ఓపికగా చెప్పాడు.

ఆ డబ్బాకు ఉన్నవి నాలుగే గొంతులు. రెండు కుయ్‌మంటాయి. ఒకటి కడుపులోంచి బుర్రుమంటుంది. నాలుగోది చేటలో ఇసుక చెరిగినట్టు జుస్సుమంటుంది, అది డప్పు అనుకోవాలి. నాలుగూ ఒక్కసారే ఎత్తుకుంటే ఎలా ఉంటుందంటారా? ప్రెషర్ కుక్కర్‌కూ, రివర్స్ తీస్తున్న ట్రాలీ ఆటోకూ పెళ్లి జరుగుతుంటే అలారం గడియారం మంత్రాలు చదివినట్టు ఉంటుంది.

ఇక లాభాలు వినండి. మా జామచెట్టును కోతులు వదిలేశాయి. కోతులకు సంగీత జ్ఞానం ఉందని అప్పుడే తెలిసింది!

అంతకంటే పెద్ద లాభం చుట్టాలు. ఒకప్పుడు “ఒక్కదానివే ఎట్లుంటున్నవే!” అని కళ్లు తుడుచుకుంటూ వచ్చి, రెండు టీలు తాగి, దీపాల వేళకు గానీ కదిలేవారు కాదు. ఇప్పుడు మొదటి టీ చల్లారకముందే చెప్పులు వెతుక్కుంటున్నారు. విధవరాలిని జాలి నుంచి కాపాడే యంత్రం ఇంకెక్కడైనా ఉందా?

పైగా లోకజ్ఞానం! బిల్లీ తన పాటలను ఇంటర్నెట్‌లో పెడతాడు. జపాన్‌లో ఎవరో, జర్మనీలో ఎవరో వింటారు, తమ డబ్బాల పాటలు తిరిగి పంపుతారు. పొరుగింటికి పాయసం పంపిన గిన్నె వెనక్కి రావడానికి మాకు నెల పడుతుంది. జపాన్ వాళ్లు పాటకు పాట తెల్లారేసరికి పంపేస్తారు. ఎవరు నయం?

నేను పాడిన బతుకమ్మ పాటను కూడా డబ్బాలోకి ఎక్కించాడు. డబ్బాకు మాటలు రావు కాబట్టి ఉయ్యాలో అన్న ప్రతి చోటా కుయ్‌మంటుంది. పోర్చుగల్‌లో ఒకామె దానికి డ్యాన్స్ చేసిందట. నా పాట పాస్‌పోర్టు లేకుండా అంత దూరం పోయింది. నేనేమో ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని గుడి దాటి ఎరగను!

కానీ మా కాలనీ సంఘం సెక్రటరీ నర్సింగ్‌కు ఈ భాగ్యం కంటికి ఆనలేదు. ఒక సాయంత్రం కాగితం పట్టుకుని వచ్చాడు.

“అవ్వా, ఏందీ కుయ్‌కుయ్? బీపీ లేస్తుంది నాకు! ఆ పోరన్ని ఖాళీ చేయిస్తవా, మమ్మల్ని అర్జీ పెట్టమంటవా? పెడితే నువ్వు గూడ సంతకం జెయ్యాలె.”

“నా కిరాయిదారు మీద నేనే చెయ్యాల్నా?”

“నువ్వు జేస్తెనే బరువుంటది.”

మెట్ల మీద నిలబడి వింటున్న బిల్లీ ముఖం వాడిపోయింది. “లొల్లి ఎందుకవ్వా, నేనే పోత తియ్” అన్నాడు. ఇంతకుముందు మూడు గదులు ఈ డబ్బా వల్లే వదిలినవాడు. నాలుగోసారి పోతే డబ్బానే అమ్మేస్తానని నాతో అని ఉన్నాడు.

“నువ్వు జెర ఊకో బిడ్డా” అని కాగితం తీసుకున్నాను. అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని, చదవకుండా సంతకం పెడతానా? ‘శబ్ద కాలుష్యం’ అని రాసి ఉంది. మా కుయ్‌కుయ్‌కి ఎంత పెద్ద పేరు!

“చేస్త గని నర్సింగ్, ఒక్క ముక్క కలుపు. పొద్దుగూకినంక, ఏడింటికి వచ్చి చూస్తెనే మా బాధ తెలుస్తదని రాయి.”

“గప్పుడే ఎందుకు?”

“జోరంతా గప్పుడే కదా!”

సంతోషంగా రాశాడు. నేను ఇంటిపేరుతో సహా సంతకం పెట్టాను.

నమ్ముతారా? వారం తిరగకుండానే ఆఫీసర్ వచ్చాడు! జీపులో! చేతిలో శబ్దం కొలిచే మీటరు! ఏడింటికి జీపు దిగాడో లేదో, కర్చీఫ్ తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

“ఏం వాసనయ్యా ఇది!”

నర్సింగ్ అటూ ఇటూ చూశాడు. “ఏం వాసన సార్?”

పాపం, నిజంగానే అడిగాడు. పుట్టి పెరిగింది ఇక్కడే కదా!

“మురిగిన గుడ్లను టించర్‌లో ఉడకబెట్టినట్టుంది!”

“ఓ, గదా! గది రోజూ వస్తది సార్. పొద్దుగూకినంక మందుల కంపెనీలోల్లు ఇడుస్తరు. మీరు పైకి రాండ్రి, అసలు పరేషాన్ మేడ మీదుంది.”

ఏడింటికే రమ్మని ఎందుకు రాయించానో ఇప్పుడు తెలిసిందా?

బిల్లీ డబ్బా తీసి నా బతుకమ్మ పాట పెట్టాడు. ఆఫీసర్ ఒక చేత్తో మీటరు, ఇంకో చేత్తో ముక్కు పట్టుకుని పాటంతా విన్నాడు. “దీనికంటే మీ బోరు మోటారే ఎక్కువ మోగుతుంది. ఖాళీ చేయించే పనేం లేదు” అని తేల్చాడు. బిల్లీ డబ్బాను చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మరి వాసన సంగతి సార్?” అన్నాను.

“అది నా సెక్షన్ కాదమ్మా. నాది శబ్దం.”

మా ఆయన కిష్టప్ప బతికి ఉన్నప్పటి నుంచి ఆ వాసన మీద అర్జీలు పెడుతూనే ఉన్నాం. ఆ వాసనలోనే పని చేశాడు, ఆ వాసనలోనే దగ్గి దగ్గి పోయాడు. ఒక్క అర్జీకి కూడా ఒక్క జీపు రాలేదు. అరచేతి డబ్బా నాలుగు గొంతులతో కుయ్‌మంటే వారంలో వచ్చింది! ఇది భాగ్యం కాదని ఇంకా ఎవరైనా అంటారా?

జీపు ఎక్కుతూ ఆఫీసర్ ఎటో చూస్తూ, నాకూ నర్సింగ్‌కూ వినబడేటట్టు మెల్లగా అన్నాడు: “నేను మళ్లీ రావాలంటే మళ్లీ శబ్దం మీదే అర్జీ రావాలమ్మా.”

ఆ రోజు నుంచి నర్సింగ్‌కు ఏదో అయింది. పొద్దుగూకగానే కిటికీలు మూస్తున్నాడు, వాకిట్లో నిలబడి గాలిని వాసన చూస్తున్నాడు. భార్యను కూడా చూడమంటున్నాడు. నిన్న మా మెట్లెక్కి బిల్లీ గది తలుపు తట్టాడు.

“తమ్మీ, జెర సౌండు పెంచరాదు? రేపు అర్జీ రాయాలె.”