కుండీలో దొయిమతి

కొలెస్ట్రాల్ మందుల సంస్థ పెద్దలారా, కొర్రా దొయిమతిని మొక్కగా నమోదు చేసి కుండీలో నాటింది మీరే! ఇప్పుడు ఆమె మీద దొంగతనం కేసు పెట్టిందీ మీరే!

కొండ మీద దొయిమతి చేదాకు కోసి పప్పులో వేసుకునేది. కోసే ముందు మొక్క దగ్గర కూర్చుని, "తల్లీ, ఇస్తావా?" అని అడిగేది. గాలికి ఆకు కదిలితే ఇచ్చినట్టు. కదలకపోతే ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది. ఊరందరిదీ అదే పద్ధతి. సంస్థ వాళ్లు జీపుల్లో వచ్చి, ఎవర్నీ అడక్కుండా గోతాలకొద్దీ కోసుకుపోయారు. ఉడికించారు, నూరారు, వడగట్టారు. కొలెస్ట్రాల్ తగ్గించే పదార్థం చుక్క కూడా దొరకలేదు. ఆకు తినే దొయిమతి నెత్తురు పరీక్షిస్తే మాత్రం పుష్కలంగా దొరికింది. ఆ పదార్థం దేనిలో దొరికితే అదే ఔషధ మొక్క అని నిబంధన. కాబట్టి దొయిమతి మొక్క.

సంస్థలో అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. రేషన్ కార్డులోంచి పేరు తీసేశారు, మొక్కలకు బియ్యమెందుకని. సంస్థ ఆవరణలో కుండీలో నిలబెట్టి, మోకాళ్లదాకా ఎర్రమట్టి పోసి, మెడలో 'ఔషధ మొక్క' అని రాసిన రేకు పలక తగిలించారు. తోటమాలి పొద్దున్నే నీళ్లు పోసేవాడు.

కోడలు జమున వచ్చి, "మా అత్తని ఇంటికి తీసుకెల్తానండి" అంది.

"అటవీశాఖ పర్మిట్ ఉందామ్మా?" అన్నాడు గుమస్తా, మర్యాదగానే.

"పర్మిట్టేటండి, మనిసి కదా!"

"మనిషైతే కుండీలో ఎందుకుంటుందమ్మా?"

"ఒలే జమునా, ఆడితో నీకేటే?" అంది దొయిమతి కుండీలోంచి. "ఎల్లి పొయ్యి ముట్టించు. నానొచ్చేత్తాను."

ఆ మధ్యాహ్నమే విదేశీ అతిథుల ఎదుట తొలి కోత. కోత అంటే నెత్తురు తీయడం. ఆదివాసీ ఆచారాన్ని గౌరవిస్తున్నట్టు కనపడాలి గనక, పెద్ద సైంటిస్టు శేషశాయి సూది పట్టుకునే చేతులు జోడించి, "తల్లీ, ఇస్తావా?" అన్నాడు.

"ఇవ్వను" అంది దొయిమతి.

గుమస్తా కలం ఆగింది. "ఏం రాయమంటారు సార్?"

"గాలికి ఆకులు కదిలాయని రాయి."

"కదిల్తే ఇచ్చినట్టు కదా సార్?"

"అందుకే రాయమంటున్నా."

సూది దగ్గరకొచ్చింది. "గాలేటి బావూ? నోటితోనే సెప్పాను, ఇవ్వనని!" అంటూ దొయిమతి ఒక్క తన్ను తన్నింది. కుండీ పగిలింది. మట్టికాళ్లతోనే గేటు దాటి కొండ బస్సెక్కింది. కండక్టరు ఆమె మెడలో పలక చదివి, లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

మర్నాడు కేసు పెట్టారు. సంస్థవారి అరుదైన ఔషధ మొక్కను దొయిమతి అనే మహిళ ఎత్తుకుపోయిందట. దొంగా ఆమే, పోయిన సొత్తూ ఆమే. మొక్క మీద కేసు నిలవదు గనక, అంతవరకూ ఆమెను మనిషిగా ఒప్పుకున్నారు. వెతకడానికి వచ్చిన పోలీసుల వెంట సంస్థ వాళ్లూ వచ్చి ఊరందరి నెత్తురూ చూశారు. అందరిలోనూ పదార్థం ఉంది. ఊరిని తోటగా ప్రకటించి కంచె వేస్తున్నారు. జమున పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, గుంజలు పాతుతున్న చప్పుడు గుమ్మంలోకే వినపడుతోంది.

కేసు ఎత్తెయ్యండి. కంచె పీకెయ్యండి. ఆకు కావాలా? కొండెక్కి దొయిమతి ముందు నేల మీద కూర్చుని అడగండి. ఇవ్వనంటే, గాలి మీదికి నెట్టకుండా ఖాళీ బుట్టతో దిగి రండి.