అత్తగారి మేనేజరు, కోడలి మేనేజరు

ఆ ఆదివారం పొద్దున అత్తగారి పథకం ఒకటి, కోడలి పథకం ఒకటి. రెండూ చక్కని పథకాలే. వాటిని అమలు చేసే పని ఇద్దరి మధ్యా ఉన్న అబ్బాయి మీద పడటమే చిక్కు.

మామగారు పోతూపోతూ వదిలివెళ్లిన ఆస్తి ఒక వరస మేడ ఇళ్లు. గోడకు గోడ ఆనుకుని, అన్నిటికీ ఒకే రంగు, ఒకే రకం మెట్లు, వెనక ఒకే పెరడు. అద్దెకున్నవాళ్ల మంచిచెడ్డలన్నీ ఇన్నాళ్లూ అత్తగారే చూసుకున్నారు. కుళాయి కారినా, గడియ ఊడినా, తాళాల గుత్తి బొడ్లో దోపుకుని వెళ్లి, దగ్గరుండి బాగు చేయించేవారు. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. మెట్ల జోలికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఈలోగా చివరి ఇల్లు ఖాళీ అయింది. దాని పక్కింటి డ్రమ్ముల మాస్టారి వాయింపుకి పగటి నిద్ర కరువై, ఆ అవతలి ఇంటి రాత్రి డ్యూటీ నర్సు తనూ ఖాళీ చేస్తానంది. ఆవిడ అవతలి గోడ టైలరుది. ఆ గోడకు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తేలక అతనూ సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అక్కడే కాపురం ఉండే మనిషి కావాలి. ఖాళీ ఇల్లు ఇచ్చేద్దాం. పిలిస్తే పలుకుతారు," అన్నారు అత్తగారు.

"అక్కడే ఉంటే అందరితోనూ మొహమాటాలే అత్తయ్యా. బయటి కంపెనీకి అప్పగిస్తే పద్ధతిగా ఉంటుంది," అంది కోడలు.

"నీ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. ఇల్లు మునుగుతుంటే నేనేది నొక్కను?"

"మీ మనిషికి జ్వరమొస్తే అప్పుడు ఎవర్ని నొక్కుతారు?"

ఇద్దరూ ఒకేసారి అబ్బాయి వైపు తిరిగారు. అమ్మ పక్షం, భార్య పక్షం రెండూ ప్రమాదమే కనుక, "ఇద్దర్నీ పిలిచి చూద్దాం," అన్నాడతను. అంతటితో ఆగినా బాగుండేది. "ఎక్కడికి రావాలో నేను మెసేజీ పెడతాను," అని కూడా అన్నాడు.

కంపెనీ మనిషి ఇంటికి రావాలి, కోడలు మాట్లాడుతుంది. కాపురం ఉండే మనిషి వరస ఇళ్ల దగ్గరికి రావాలి, అత్తగారు పరీక్షిస్తారు. అబ్బాయి గడ్డం గీసుకుంటూ ఎడమచేత్తో పెట్టిన మెసేజీలు ఒకరిది ఒకరికి వెళ్లాయి.

అలా వరస ఇళ్ల దగ్గర ఆటో దిగినావిడ కంపెనీ ఆఫీసరు. ఇస్త్రీ మడత నలగని బట్టలు, చేతిలో బ్యాగు. "నమస్కారం అమ్మగారూ. ఇళ్ల నిర్వహణ గురించి వచ్చాను," అంది.

కుళాయిలు చూసుకునే పనికి ఇంత ముస్తాబేమిటా అని అత్తగారికి అనిపించింది. మొదటిరోజు కదా అని సరిపెట్టుకుని, తాళాల గుత్తి ఆవిడ చేతిలో పెట్టారు. "మాటలెందుకమ్మా, పని చేసి చూపించు. ముందు ఆ టైలరు గోడ సంగతి తేల్చు."

కంపెనీలకు ఇలాంటి పరీక్ష పెట్టినవాళ్లను ఆఫీసరు ఇదివరకు చూడలేదు. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. బ్యాగు అరుగు మీద పెట్టి, పెరట్లోకి వెళ్లి, టైలరు ఇంటి నీళ్లు కట్టేద్దామని ఒక వాల్వు తిప్పింది. అది వరస మొత్తానిది. అన్ని ఇళ్లలోనూ కుళాయిలు ఒక్క గురక పెట్టి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆవిడకు ఎక్కడో టప్, టప్ మని వినిపించింది. చెవి గోడకు ఆనించుకుంటూ వెళ్లి, నర్సు ఇంటి వాష్ బేసిన్ వెనక వదులైపోయిన గొట్టాన్ని పట్టుకుని బిగించింది. ఇంతకు ముందు ముగ్గురు ప్లంబర్లు వచ్చి పట్టుకోలేని జబ్బు అది. అత్తగారికి కళ్లు చెమర్చినంత పనైంది.

అంతలో మొదటింటి బాల్కనీలోకి ప్లీడరు గారు వచ్చారు. నడుముకు తువ్వాలు, మిగతా అంతా సబ్బు నురుగు. "ఎవరక్కడ నీళ్లు ఆపింది? నోటీసు పంపిస్తా!"

"నేనేనండీ, క్షమించండి!" అంటూ ఆఫీసరు పరుగెత్తి వాల్వు తిప్పింది. పిడి చేతిలోకి ఊడి వచ్చింది. నీళ్లు మేడ ఎత్తున లేచాయి. టైలరు రబ్బరు పట్టీలు తెచ్చి ఇద్దరూ కలిసి చుట్టేసరికి ఇస్త్రీ బట్టల్లో ఒక్క మడత మిగల్లేదు. ఆవిడ అలాగే తడుస్తూ, ప్లీడరు గారికి బకెట్టు నీళ్లు మేడమీదికి మోసుకెళ్లి ఇచ్చింది. ఆయన నోటీసు సంగతి మరిచిపోయి థాంక్స్ చెప్పారు.

నర్సు జాలిపడి తన యూనిఫాం ఇచ్చింది. దాన్ని తొడుక్కుని బయటికి రాగానే ప్లీడరు గారి పక్కింటి పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "అమ్మా, బీపీ ఎంతుందో చూడు."

"నేను నర్సుని కాదు బాబాయిగారూ. నీళ్లు ఆపినదాన్ని."

"అందుకే పెరిగింది, చూడు!"

అసలు నర్సు వచ్చి చూసేదాకా ఆవిడ ఆయన పక్కనే కూర్చుని, వినేవాళ్లు లేక దాచుకున్న కబుర్లన్నీ విన్నది. చూసేసరికి బీపీ మామూలుగానే ఉంది. అటునుంచి డ్రమ్ముల మాస్టారింటికి వెళ్లి, "మాస్టారూ, ఇవి మేడమీద కాకుండా కింద, ఖాళీ ఇంటి వైపు గోడకు పెట్టుకుంటే?" అంది. ఆయన కర్రలు పక్కన పెట్టాడు. "నన్ను ఆపమన్నవాళ్లే గానీ జరుపుకోమన్నవాళ్లు లేరమ్మా," అంటూ తానే డ్రమ్ము ఎత్తాడు.

అదే సమయంలో ఇంటి దగ్గర కోడలి ఎదురుగా సోఫాలో కూర్చున్నది రిటైరైన బస్సు కండక్టరు. ఆయన్ని కాపురం ఉండే పనికి పంపింది అత్తగారి స్నేహితురాలు. తన సంగతంతా ఆవిడ చెప్పే ఉంటుందని ఆయన ధీమా.

"మీరు ఒకేసారి ఎంతమందిని చూసుకోగలరండీ?" అని అడిగింది కోడలు.

"కూర్చున్నవాళ్లు యాభై మంది తల్లీ. రద్దీగా ఉంటే నిలబడేవాళ్లు వేరే."

వెయిటింగ్ లిస్టు కూడా ఉందన్నమాట అనుకుంది కోడలు. "డబ్బు కట్టనివాళ్లని ఏం చేస్తారు?"

"మర్యాదగా దింపేస్తాను. వాన పడుతుంటే మాత్రం దింపను. చంటిపిల్లలుంటే అసలే దింపను."

ఖాళీ చేయించే పద్ధతిలో ఇంత మానవత్వమున్న కంపెనీ ఉంటుందని కోడలు కలలో కూడా అనుకోలేదు. "ఒక్కచోటే ఉండే మనిషి మేలని మా అత్తయ్యగారు అంటారు. మీరేమంటారు?"

"ఒక్కచోట కూర్చోవడమా!" అని ఆయన నిట్టూర్చాడు. "నిజం చెప్పొద్దూ, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక చస్తున్నాను. నలుగురి మధ్యా తిరుగుతుంటేనే నాకు ఊపిరి."

కోడలు వెంటనే ఆయన్ని కారెక్కించి, అబ్బాయిని నడపమంది. అత్తగారికి చూపించి, ఈ వాదం ఇవాళే ముగించాలి.

కారు ఆగేసరికి అత్తగారు యూనిఫాంలో ఉన్న ఆఫీసరు చెయ్యి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "అమ్మాయ్, చూడు నా మనిషిని! నీ కంపెనీవాళ్లు వందమంది వచ్చినా ఈ పిల్ల గోటికి సరిపోరు."

"మా కంపెనీయేనండీ అది. కార్డు తడిసిపోయింది," అంది ఆఫీసరు నెమ్మదిగా.

కోడలు తన పక్కనున్న మనిషి వైపు తిరిగింది. "మరి మీరు?"

"కాపురం ఉండే పనికి తల్లీ. బస్సులో పనిచేశాను."

వరస ఇళ్ల మెట్లమీద నిలబడ్డ అద్దెవాళ్లంతా ఒక మెట్టు కిందికి దిగారు. అబ్బాయి కారులోంచి దిగకుండా, ఎప్పుడూ లేనిది, అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

ముందు తేరుకున్నది అత్తగారు. "అయితే కంపెనీకే ఇచ్చేద్దాం!"

"వీల్లేదు అత్తయ్యా! అక్కడే ఉండే మనిషే కావాలి. ఈయనలాంటి మనిషి మళ్లీ దొరకడు!"

పొద్దుటి వాదమే మళ్లీ మొదలైంది, పక్షాలు మాత్రం తారుమారు. ఇద్దరూ ఒకరి మాటలు ఒకరు అప్పు తెచ్చుకుని మరీ వాదించారు. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని కోడలే అనేసరికి ఆఫీసరు ఆపుకోలేక నవ్వేసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అమ్మగారూ, ఏళ్ల తరబడి ఇళ్లన్నీ ఫోన్లోనే చూసుకున్నాను. ఎవరి గుమ్మమూ ఎక్కలేదు. ఇవాళ ఒక్కపూట ఇంతమంది మొహాలు చూశాక మళ్లీ ఆ కుర్చీలోకి వెళ్లబుద్ధి కావడంలేదు. ఆ ఖాళీ ఇల్లు నాకిస్తారా? ఇక్కడే ఉండి చూసుకుంటాను."

"డ్రమ్ములు ఆ గోడకేగా చేర్చావు నువ్వు?"

"ఫోన్ల మోతకంటే నయమండీ."

కండక్టరు మొహం చిన్నబోయింది. ఆఫీసరు ఆయన వైపు తిరిగి, "మా కంపెనీలో రోజూ వీధులన్నీ తిరిగి ఇళ్లు చూసొచ్చే మనిషి కోసం వెతుకుతున్నారు. వెళ్తారా?" అంది.

"రోజూ తిరగాలా?" అన్నాడాయన. ఆ గొంతులో ఆనందం విని పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

నెల తిరక్కుండానే ఆవిడ చివరి ఇంట్లో కాపురం పెట్టింది. నర్సు ఖాళీ చేయలేదు, టైలరు గోడ ఆరింది. కండక్టరు కంపెనీ తరఫున వీధులు తిరుగుతూ, దారిలో అత్తగారికి కనబడి కాఫీ తాగి వెళ్తున్నాడు. ఇంతకీ ఎవరి మాట నెగ్గిందో ఎంత లెక్క వేసుకున్నా తేలకపోవడంతో, అత్తాకోడళ్లు చాలాకాలం స్నేహంగానే ఉన్నారు.