తిరగని వాల్వు చేసిన మేలు

ఇంట్లో నీళ్ళు కట్టేసే వాల్వు పనిచేయకపోవడం అదృష్టమని నేనంటే మీరు నవ్వుతారు. మీ ఇంట్లో వాల్వు తిరుగుతుందన్న ధీమాతో నవ్వుతున్నారు. అసలది తిరుగుతుందో లేదో ఎప్పుడైనా తిప్పి చూశారా?

మాది కోయంబత్తూరు. ఎనిమిది ఇళ్ళ అపార్ట్‌మెంటు. పదకొండేళ్ళు దానికి సెక్రటరీగా సేవ చేసినవాణ్ణి. మా వీధికి శిరువాణి నది నీళ్ళు తొమ్మిది రోజులకొకసారి వస్తాయి. ఆ తీపికి అలవాటుపడ్డ గొంతులోకి ఇంకే ఊరి నీళ్ళూ దిగవు. వచ్చిన రోజున మేడమీద టాంకు నింపుకుని, తొమ్మిది రోజులూ నెయ్యి వాడినట్టు పొదుపుగా వాడుకుంటాం.

ఆ టాంకు గొట్టం కింది వాటాలో రాజామణి అక్క వంటింట్లోకి దిగుతుంది. దిగేచోట ఒక ఇత్తడి వాల్వు ఉంది. ఏటా రంగులవాడు గోడతోపాటు దానికీ ఓ పూత పూసేవాడు. ఏటా ఆయుధపూజకి మేము గంధం, కుంకుమ పెట్టేవాళ్ళం. మోటారుకి పెట్టి, మిక్సీకి పెట్టి, వాల్వుకి పెట్టకపోతే ఏం బాగుంటుంది? తిప్పడం ఒక్కటే ఎవరికీ తోచలేదు.

తోచింది ఒక్క రాజామణి అక్కకే. అది బిగుసుకుపోయిందని రెండేళ్ళ కిందటే చెప్పింది. కట్టేసే అవసరం వచ్చినప్పుడు చూద్దాంలెమ్మన్నాను. కాగితం మీద రాసిచ్చింది. ఫైల్లో పెట్టాను. ఇంకో కాగితం రాసిచ్చింది. కొత్త ఫైలు కొన్నాను. సెక్రటరీ అన్నవాడు ఇంతకన్నా ఏం చేస్తాడు?

పైగా, తిరిగే వాల్వుకి నిలకడేదండీ? ఎవరు పట్టుకుంటే వాళ్ళ మాట వింటుంది. తిరగనిది అలా కాదు. దానికో వ్యక్తిత్వం ఉంటుంది.

మొన్న వైశాఖంలో నీళ్ళొచ్చిన మర్నాడు పొద్దున, టాంకు నిండుగా ఉండగా, రాజామణి అక్క వంటింటి కుళాయి తల ఊడి చేతిలోకొచ్చింది. ఎనిమిది ఇళ్ళ తొమ్మిది రోజుల నీళ్ళు ఆవిడ పొయ్యిగట్టు మీద పడ్డాయి. ఆవిడ పాతగుడ్డ కుక్కి, రెండు చేతులతో అదిమిపట్టి కేకేసింది. ప్లంబరు ఆరోక్యసామి పరుగెత్తుకొచ్చాడు. వాల్వు చూసి, నన్ను చూశాడు.

"దీనికి పూజలు చేశారు గానీ చుక్క నూనె పెట్టలేదు సార్" అన్నాడు.

పానా వేసి ఒక్క తిప్పు తిప్పాడు. చక్రం ఊడి అతని చేతిలోకొచ్చింది. వాల్వు మాత్రం చలించలేదు. టాంకు దగ్గర ఇంకో వాల్వు లేదా అంటారేమో. ఉండేది. పోయినప్పుడు, కింద ఒకటుందిగా అని నేనే ఊరుకున్నాను.

ఇక ఆ వాల్వు చేసిన మేలు చూడండి! నా పదకొండేళ్ళ పాలనలో మీటింగుకి నలుగురికి మించి వచ్చింది లేదు. ఆ పొద్దున ఎనిమిది ఇళ్ళూ హాజరు! బిందెలు, బకెట్లు, కుక్కర్లు పట్టుకుని మెట్లమీద వరుసకట్టారు. ఎవరినీ పలకరించని మూడో అంతస్తు ప్రొఫెసరు ఇడ్లీ పాత్రతో దిగి, అందరినీ పేరుపేరునా జరగమన్నాడు.

మా ఊళ్ళో ఎంత కోపమొచ్చినా మర్యాద తగ్గదు. రాజామణి అక్క నిలువునా తడిసిపోయినా గుడ్డ వదలకుండా నావైపు తిరిగింది.

"అవసరం వచ్చిందండీ సెక్రటరీ గారూ" అంది.

చివరికి ఆరోక్యసామి టాంకులోకి దిగి, గుడ్డ చుట్టిన కొయ్యబిరడా కొట్టి నీళ్ళు ఆపాడు. అప్పటికి టాంకులో మిగిలింది పావువంతు. ఇంకా ఎనిమిది రోజులుంది. ఇంటికి రోజుకి మూడు బిందెలని పంచుకున్నాం. ఆ ఎనిమిది రోజులూ మా ఆవిడ నాతో మాట్లాడలేదు. అదీ ఒక మేలే అనుకున్నాను.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు. పైనా కిందా, ఇంటింటికీ కొత్త వాల్వులు బిగించాలని ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. నేను ఫైలు మూయబోతుంటే రాజామణి అక్క లేచింది.

"ఎంత చెప్పినా కదలనిది ఇంకొకటుందండీ. పనిలో పనిగా దాన్నీ మార్చేద్దామండీ" అంది.

ఏది అని ఎవరూ అడగలేదు. చేతులు లేచాయి. అందులో గాజులున్న ఒక చెయ్యిని చూడగానే గుర్తుపట్టాను. ఆ గాజులు నేను కొన్నవే.

ఇప్పుడు రాజామణి అక్క సెక్రటరీ. నెలకోసారి ఇంటింటికీ వచ్చి ప్రతి వాల్వూ తిప్పి చూస్తోంది. చిన్న వేలితో తోస్తే తిరుగుతున్నాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదట. మరి పదకొండేళ్ళ సెక్రటరీకి గుమ్మంలో నిలబడి "రండి, చూసుకోండి" అనాల్సిన గతి పట్టడం ఇబ్బంది కాదా? ఆ వాల్వు బిగుసుకుని ఉన్నన్నాళ్ళూ కుర్చీ నాది. ఇక మీరే చెప్పండి, ఏ వాల్వు మంచిది?