బొజ్జ లేని వంట మాస్టర్

మనిషికి ముఖం ఉంటే సరిపోయే రోజులు పోయాయి. ఇప్పుడు ఆ ముఖానికి ఒక బ్రాండ్ ఉండాలి! బ్రాండ్ లేని ముఖం సిగ్నల్ లేని ఫోన్!

ఈ మహావాక్యం నాదే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే, పచ్చళ్ల దుకాణానికీ బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్‌కీ మధ్య ఉన్న ఇరుకు మెట్ల మీద ఎనిమిదడుగుల ఫ్లెక్సీగా వేలాడుతోంది. కింద నా పేరు: 'ధర్మేందర్, పర్సనల్ బ్రాండ్ శిల్పి'.

ఆర్నెల్ల క్రితం దాకా అదే మేకుకి 'ఐదు నిమిషాల్లో పాస్‌పోర్టు ఫోటోలు' అన్న బోర్డు ఉండేది. కోచింగ్ పిల్లలంతా హాల్‌టికెట్ ఫోటోలు కూడా ఫోన్లోనే తీసుకోవడం మొదలుపెట్టారు. నేనేం చెయ్యాలి? ఒక హోటల్లో రెండు రోజుల సెమినార్‌కి వెళ్లాను. శనివారం పొద్దున ఫోటోగ్రాఫర్‌గా లోపలికి వెళ్లి, ఆదివారం సాయంత్రం శిల్పిగా బయటికొచ్చాను. మధ్యలో రెండుసార్లు భోజనం కూడా పెట్టారు.

అక్కడ నేర్చుకున్న శాస్త్రమంతా ఇదీ: మనిషి కోటు వేసుకోవాలి. చేతులు కట్టుకోవాలి. కెమెరా వైపు కాదు, భవిష్యత్తు వైపు చూడాలి. భవిష్యత్తు ఎప్పుడూ ఎడమ చేతి పక్కన కొంచెం పైన ఉంటుంది. మా స్టూడియోలో అక్కడ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది.

ఆ ఫ్యాన్ వైపు చూసిన మొదటి మనిషి వీరేశం.

వీరేశం వంట మాస్టర్. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో స్థిరపడ్డాడు. అతని బొజ్జ నా స్టూడియోలోకి అడుగుపెట్టిన రెండు క్షణాలకు అతను అడుగుపెట్టాడు. భుజాన తువ్వాల, మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, ఒంటి చుట్టూ బగారా అన్నం వాసన. వెనకాల భార్య అండాలు.

"తమ్మీ, పదేండ్లు ఈ దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ మెస్‌లల్ల నీళ్ల సాంబారు కాసిన. అండ్ల పప్పు యాడుందో నాకే దొరకకపోయేది. రెండేండ్ల కింద బయటికొచ్చి పెండ్లిండ్లు చేస్తున్న. అన్నీ చిన్నయే. గీ మాఘమాసంల ఎల్బీ నగర్ పెద్ద హాల్ల ఒక్క పెండ్లన్న పడాలె. పడకుంటే మళ్ల ఆ మెస్సే నాకు గతి. ఓనరు రోజూ ఫోన్ చేస్తుండు, 'గంటె ఖాళీగానే ఉన్నది, రా' అని."

"అన్నా, నీకు వంట వచ్చు. నీకు లేనిది బ్రాండ్!"

"అదెంత సేపు ఉడకాలె?" అంది అండాలు.

తెల్ల కోటు తెచ్చాను. బొత్తాలు పట్టలేదు. మూరెడు పొడుగు టోపీ పెట్టాను. చేతులు కట్టుకోమన్నాను. పొట్ట మీద చేతులు కట్టుకుంటే అవి ఒకదాన్నొకటి అందుకోలేకపోయాయి.

"నువ్వేమన్న చెయ్ తమ్మీ, మా ఆయన బొర్ర మీదికి మాత్రం పోకు," అంది అండాలు. "మా గిరాకీ అంత దాన్ని చూసే ఒస్తది."

నేను నవ్వాను. శిల్పికి ఎవరైనా రాయిని ముట్టుకోవద్దని చెబుతారా?

వాళ్లు వెళ్లాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందు మచ్చలు తీసేశాను. తర్వాత బొజ్జ తీసేశాను. అది తీసేసరికి కోటులో ఏమీ మిగల్లేదు! సరేనని ఆ కోటు నేనే తొడుక్కుని, టైమర్ పెట్టి ఫోటో తీసుకుని, నా ఒంటి మీద అతని తల అతికించాను. మెడ కుదరలేదు, మెడ మార్చాను. మెడకు దవడ కుదరలేదు. దవడకు బుగ్గలు కుదరలేదు. తెల్లారేసరికి ఆ ఫోటోలో వీరేశానివి మీసం, రెండు చెవులు మిగిలాయి. తక్కినదంతా నేనే. కింద బంగారు రంగులో రాశాను: 'షెఫ్ వీరేశం. రుచికి రూపం.'

నెట్‌లో పెట్టాను. ఎల్బీ నగర్ చౌరస్తా దాకా నా ఫోన్ నంబరుతో ఫ్లెక్సీలు కట్టించాను.

నాలుగో రోజు వీరేశం ఫోన్.

"ధర్మేందరూ, హయత్‌నగర్ లచ్చమ్మ కొడుకు పెండ్లి వంట క్యాన్సల్ చేసింది."

"ఎందుకన్నా?"

"నాకేదో రోగమొచ్చిందంటుంది. 'ఇంత పలచగైండు, పాపం, ఏ దవాఖానల జూపిస్తున్నరు?' అని మా అండాలునడిగింది. ఏం రోగం లేదని ఇది ఒట్టేసి చెప్పింది. 'మరి ఆయన వండింది ఆయనే తింటలేడా? ఆయన తిననిది మా చుట్టాలకెట్ల పెట్టాలె?' అని ఫోన్ పెట్టేసింది!"

వారం తిరగకుండా ఇంకో రెండు పెళ్లిళ్లు పోయాయి. ఒకరైతే పరామర్శకు బత్తాయిలు తెచ్చారట. వీరేశం ఆ బత్తాయిలు పట్టుకొచ్చి నా టేబుల్ మీద ఒక్కొక్కటే పేర్చాడు. వెనక అండాలు గంటె తెచ్చుకుంది. దేనికి తెచ్చిందో అడగలేదు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది!

"షెఫ్ వీరేశం గారి ఆఫీసాండీ? నా పేరు వెంకటేశ్వరరావు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఎల్బీ నగర్‌లో మా అమ్మాయి పెళ్లండీ, పన్నెండు వందల మంది. మీ షెఫ్ గారి ఫోటో చూశాం. ఆ నిలబడ్డం, ఆ చూపు! అబ్బ! మగపెళ్లివారికి ఆ ఫోటో పంపాం కూడా. రేపొకసారి లిస్టు రాయించుకోడానికి వస్తారా?"

అండాలు గంటె దించింది.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. పెళ్లికి ముందు వంట మాస్టర్ ఇంటికొచ్చి సామాన్ల లిస్టు చెప్పడం మనవాళ్ల ఆచారం. రావు గారు గుమ్మంలోనే నిలబడి వీరేశాన్ని పైనుంచి కిందికి చూశారు. ఆ చూపు మధ్యలో చాలాసేపు ఆగింది.

"షెఫ్ గారు రాలేదాండీ?"

వీరేశం నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి నిజం వస్తే ఎల్బీ నగర్ పెళ్లి పోతుంది. మెస్సు గంటె చేతికొస్తుంది. నాకు ఆలోచించే టైము లేదు. ఎడమ పక్కకు, కొంచెం పైకి చూశాను. చేతులు కట్టుకున్నాను.

"నేనేనండీ వీరేశం!"

"అదీ! అచ్చం ఫోటోలాగే ఉన్నారు! మరి ఈయన?"

"మా అంతయ్య అండీ. పాత్రలు మోస్తాడు."

వీరేశం ముఖం మాడిన ఉల్లిపాయ రంగుకొచ్చింది. అండాలు అతని నడుం మీద గిల్లింది. గిల్లడానికి అక్కడ చోటు పుష్కలం.

రావు గారు కాగితం, పెన్ను తీశారు. "పన్నెండు వందల మందికి ధనియాలు ఎంత పడతాయండీ?"

నేను కళ్లు మూసుకున్నాను. జవాబు తెలియనప్పుడు కళ్లు మూసుకుంటే అది అనుభవంలా కనిపిస్తుందని సెమినార్‌లో చెప్పారు.

"ఏమయ్యా అంతయ్యా!" అండాలు మొగుడి మీద విరుచుకుపడింది. "మొన్న ఆరు కిలోల ధనియాలు తెస్తే యాడ పెట్టినవ్?"

"ఆరు కిలోలండీ," అన్నాను కళ్లు తెరిచి.

"వంకాయలు?"

"నీకు బుద్ధున్నదా అంతయ్యా? నూటిరవై కిలోల వంకాయలల్ల ఒక్క పుచ్చు కనపడలేదా నీకు?"

"నూటిరవై."

అలా మిరపకాయల దగ్గర్నుంచి ఇంగువ దాకా వీరేశం పద్దెనిమిది తిట్లు తిన్నాడు. లిస్టు పూర్తయింది.

"ఆవిడెందుకండీ అలా అరుస్తుంది?" అన్నారు రావు గారు.

"స్టాఫ్ ట్రైనింగ్ అండీ!"

బయటికొచ్చాక వీరేశం అన్నాడు: "ధర్మేందరూ, పెండ్లయ్యేదాంక నువ్వే వీరేశం. కానీ పొయ్యి దిక్కు వచ్చినవనుకో, ఆ అంతయ్య ఎవ్వరి మాటా వినడు."

పెళ్లి రోజు వచ్చింది. హాలు వెనకాల షెడ్డులో తెల్లవారుజాము నుంచే ఆరు పొయ్యిలు మండుతున్నాయి. వీరేశం తువ్వాల నడుముకు చుట్టి, ఒక డేగిసా నుంచి ఇంకో డేగిసాకు బంతిలా దొర్లుతున్నాడు. నేను హాల్లో, తలుపు పక్కన, టోపీ పెట్టుకుని, చేతులు కట్టుకుని భవిష్యత్తు వైపు చూస్తున్నాను. అక్కడ ఏసీ ఉంది. వచ్చినవాళ్లంతా నాతో సెల్ఫీలు దిగారు. "చూశావా, గంటె కూడా ముట్టుకోవట్లేదు. మేనేజ్‌మెంట్ అంటే అదీ!" అని ఒకాయన కొడుకుకి చూపించాడు.

నాలుగు గంటలు ఆ కొలువు హాయిగా సాగింది. అప్పుడొచ్చాడు పెళ్లికొడుకు మేనమామ శేఖర్, పదిమంది చుట్టాలతో, పది ఫోన్లతో.

"మాస్టారూ! ఫోటోలో చూడ్డమే కానీ మీ చెయ్యి చూడలేదు. పప్పుచారుకి పోపు మీరే పెట్టాలి. అదీ మా ముందర. లైవ్!"

"నేను... పర్యవేక్షణ..."

"ఊహూఁ! లైవ్!"

వాళ్లే పొయ్యి, సామాన్ల గంపలు తలుపు దగ్గరికి తెచ్చారు. వాళ్లే మూకుడు పెట్టారు. నేను నూనె పోశాను. పొగ వచ్చేదాకా చూశాను. ఆవాలు వేశాను. ఇంతవరకు అద్భుతం! కరివేపాకు కడిగి వెయ్యాలని విన్నాను. దాన్ని ఆరబెట్టాలని ఎవరూ చెప్పలేదు. బకెట్లో ముంచి, నీళ్లు కారుతున్న గుప్పెడు కరివేపాకు సలసలా కాగే నూనెలో పడేశాను.

ఢాం!

దీపావళి నా ముఖం ముందే మొదలైంది. నేను వెనక్కి గెంతాను. టోపీ ఎగిరి ఉల్లిపాయల గంపలో పడింది. మూకుడు అంచున మంట లేచింది. పది ఫోన్లూ నన్ను చూస్తున్నాయి!

అప్పుడు షెడ్డు తలుపు తెరుచుకుంది. ముందు బొజ్జ వచ్చింది. రెండు క్షణాలకు వీరేశం వచ్చాడు. ఒక్క చేత్తో మూకుడు దించాడు, మూత పెట్టి మంట ఆర్పాడు, వేరే మూకుడు ఎక్కించాడు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి. మణికట్టు ఒక్కసారి తిరిగింది. చుయ్‌మన్న చప్పుడుతో ఆ వాసన హాలంతా పాకింది. మంటపంలో మంత్రం చదువుతున్న పురోహితుడు ఒక మాట మింగి, తల తిప్పి చూశాడు!

"ఎవరండీ ఈయన?" అన్నాడు శేఖర్.

ఢామ్మన్న చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన రావు గారి వైపు వీరేశం చూశాడు. నేనూ చూశాను. షెడ్డు గుమ్మంలో అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోపు పెట్టిందెవరో రావు గారు కళ్లారా చూశారు. ఒక్క మాట. ఒక్క పేరు. అది ఆయన చెబితే చాలు!

రావు గారు గొంతు సవరించుకున్నారు. "షెఫ్ గారి అసిస్టెంటండీ. అంతయ్య. ట్రైనింగ్‌లో ఉన్నాడు."

"అసిస్టెంటే ఇలా ఉంటే!" అని చుట్టాలంతా నాకు చప్పట్లు కొట్టారు. వీరేశం తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ షెడ్డులోకి వెళ్లిపోయాడు.

మూడో బంతి లేచాక రావు గారు ఒక్కరే షెడ్డులోకి వచ్చారు. చేతిలో విస్తరి.

"అంతయ్యా, ఇంకాస్త గుత్తివంకాయ వెయ్యి."

"నా పేరు వీరేశం సార్."

"తెలుసయ్యా. లిస్టు రాసిన రోజే తెలుసు. ధనియాలు చెప్పింది మీ ఆవిడ కదా!"

"మరి గప్పుడు ఎందుకు చెప్పలే సార్?" అంది అండాలు.

రావు గారు వంకాయ నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. "అమ్మా, ముప్ఫై ఐదేళ్లు ఇంజనీరుగా చేశాను. పదకొండు వంతెనల మీద నా పేరు చెక్కి ఉంది. అందులో ఒక్కదాని కిందికి కూడా నేను దిగలేదు. పని చేసేవాడు ఒకడు, ఫోటోలో నిలబడేవాడు ఇంకొకడు. అది పద్ధతి! దాన్ని వియ్యంకుడి ముందు మార్చమంటావా?" ఇంకో వంకాయ అడిగి వేయించుకుని వెళ్లిపోయారు.

మెస్సు ఓనరుకి ఫోన్ చేద్దామని వీరేశం అన్నాడు. "పద్ధతంట! పేరు లేనోడికి పెద్ద హాలెందుకే అండాలూ?" అన్నాడు. ఆ మాటకు నేను తలెత్తలేకపోయాను. టోపీ ఉల్లిపాయల్లోంచి తీసి దులిపాను.

కానీ ఆ పది ఫోన్లలో ఒకటి పని చేసింది! శేఖర్ తీసిన వీడియో మర్నాటికి ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా పాకింది. అందులో మొదట నా గెంతు. తర్వాత ఎగిరే టోపీ. తర్వాత తెర నిండా బొజ్జ, దాని మీంచి తిరిగే ఒక చెయ్యి.

మొదటి ఫోన్ లచ్చమ్మది. "వీరేశం మంచిగనే ఉన్నడు! బొర్ర ఎట్లున్నది అట్లనే ఉన్నది! మా పెండ్లి ఆయనే చెయ్యాలె!"

రెండోది శేఖర్‌ది. "మా అన్నగారి అమ్మాయి పెళ్లి, అదే హాలు. ఆ బొజ్జాయన్నే పంపండి. టోపీ ఆయన్ని మాత్రం దయచేసి పంపొద్దు."

మాఘంలో ఏడు పెళ్లిళ్లు. నాలుగు పెద్ద హాళ్లు. వీరేశం మెస్సు ఓనరు నంబరు ఫోన్లోంచి తీసేశాడు.

నాకు జ్ఞానోదయమైంది. జనానికి నిగనిగలు అక్కర్లేదు. జనానికి కావలసింది నిజం! అదే రోజు ఫ్లెక్సీ మార్చాను: 'సహజత్వమే బ్రాండ్! చెమట, మసి, మచ్చలు, బొజ్జ ఇచ్చట అమర్చబడును.'

జనం మెట్ల మీద బారులు తీరారు. సన్నగా ఉన్న వంటవాళ్లకి బొజ్జలు పెట్టాను. ఇస్త్రీ చొక్కాల కాంట్రాక్టర్లకి సిమెంటు దుమ్ము చల్లాను. జీవితంలో నారు ముట్టుకోని ఒక సేంద్రియ కూరగాయల వ్యాపారికి మోకాళ్ల దాకా బురద పూశాను.

మొన్న రావు గారు వచ్చారు. కొత్త పసుపు హెల్మెట్, కొత్త బూట్లు. కాలనీ సంఘం అధ్యక్ష పదవికి నిలబడుతున్నారట.

"వెనకాల వంతెన పెట్టండి. ముప్ఫై ఐదేళ్లు ఎండలో నిలబడి కష్టపడ్డట్టు రావాలి. చెమట బాగా కనపడాలండోయ్!"

నేను స్ప్రే సీసాతో ఆయన నుదుటి మీద నీళ్లు కొట్టాను. "ఇంకొంచెం," అన్నారు. ఇంకొంచెం కొట్టాను.

అప్పుడే మెట్లెక్కి ఆయాసపడుతూ వీరేశం వచ్చాడు, పెళ్లి నుంచి నేరుగా, నా కోసం స్టీలు డబ్బాలో బగారా అన్నం పట్టుకుని. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. గడ్డం మీంచి చెమట చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. ఊపిరి తీసుకుందామని లైటు కింద ఆగాడు.

రావు గారు ఫ్యాన్ వైపు, భవిష్యత్తులోకి చూస్తూనే, చేత్తో సైగ చేశారు.

"కొంచెం పక్కకి జరగవయ్యా అంతయ్యా. ఫోటోలో పడుతున్నావ్!"