తోడల్లుడి కుప్ప మీద ఆవిరి

ఆ ఆదివారం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు లేవాలి. ఫ్లాస్కు నిండా మరిగిన నీళ్ళు పోసుకుని తోటకి వెళ్ళాలి. ఎవరూ రాకముందే ఆ నీళ్ళు తన ఎరువు కుప్ప మధ్యలో పోసేసి, ఏమీ ఎరగనట్టు నిలబడాలి.

తోట అంటే బస్సు డిపో వెనక ఖాళీ స్థలం. వీధివాళ్ళంతా జీతం భత్యం లేకుండా అక్కడ కూరగాయలు పండిస్తారు. ఆకురాలే కాలానికి కాపు అయిపోతుంది. అప్పుడు ఎండిన తీగలు పీకి, రాలిన ఆకులు ఊడ్చి, వంటింటి తొక్కలు కలిపి, తలో కుప్పా పేరుస్తారు. కుప్ప లోపల వేడెక్కితేనే మంచి ఎరువు తయారవుతుంది. తోటకి పెద్ద దిక్కయిన రిటైర్డు టీచరమ్మ ఆ వేడిని చేత్తోనే చూస్తుంది. మోచేతి దాకా దూర్చిన చెయ్యి గభాల్న వెనక్కి లాక్కుంటే కుప్ప పాసయినట్టు. చెయ్యి లోపలే ఉంచి తీరిగ్గా యోగక్షేమాలు అడిగిందంటే ఫెయిలయినట్టు.

గుమాస్తాని ఆవిడ ప్రతి వారం యోగక్షేమాలు అడిగేది. పక్కనే ఉన్న తోడల్లుడి కుప్ప మీద మాత్రం ఆవిరి లేస్తూ ఉండేది. ఆయన మందుల షాపాయన, పైగా అత్తారింటికి పెద్దల్లుడు. చలిపొద్దున జనం ఆ కుప్ప చుట్టూ చేరి చేతులు కాచుకుంటుంటే గుమాస్తాకి ఒళ్ళు మండిపోయేది. తన కుప్పలో ఒక కప్ప చల్లగా కాపురం పెట్టుకుంది.

అదైనా ఓర్చుకునేవాడే. ఇంటికి వెళ్ళాక భార్య మాట ఓర్చుకోలేకపోయాడు.

"అక్క ఫోన్ చేసిందండీ. బావగారి కుప్ప భగభగలాడిపోతోందట. ఆయన చెయ్యి అలాంటిది!" అని ఆమె నిట్టూర్చేది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ తన చెయ్యి గురించి ఆమె అలా ఒక్కసారీ అనలేదు. అనిపించుకోవాలి. గుమాస్తాకి కావలసిందల్లా అదే.

పథకం అద్భుతంగా పారింది. టీచరమ్మ చెయ్యి దూర్చి, "అమ్మో!" అని రెండడుగులు వెనక్కి గెంతింది. జనం తోడల్లుణ్ణి వదిలేసి ఇటు చేరారు. గుమాస్తా వినయంగా తల వంచుకున్నాడు.

"ఇంత వేడి మంచిది కాదండీ, అంటుకున్నా అంటుకుంటుంది. రోజూ పొద్దున్నే వచ్చి చూస్తాను," అంది టీచరమ్మ.

గుమాస్తా ఇరుక్కుపోయాడు. ఆ రోజు నుంచి తెల్లారకముందే లేవడం, నీళ్ళు కాచడం, పరిగెత్తడం. చలి ముదిరేసరికి ఒక ఫ్లాస్కు చాలలేదు. పక్క మడి నర్సమ్మని బతిమాలి ఆమెది తీసుకుని, తొందరలో తనది తోటలో మర్చిపోయి వచ్చాడు.

"ఈ పూల ఫ్లాస్కు ఎవరిది?" అడిగింది భార్య.

"నర్సమ్మది."

"మనదేదీ?"

"అక్కడే ఉంది."

తోటలో అందరికీ టీ అని చెప్పి మొగుడు రోజూ ఫ్లాస్కు పట్టుకెళ్తున్న సంగతి భార్య వెంటనే అక్కకి ఫోన్ చేసి చెప్పింది.

"టీయా? మా ఆయనకి ఒక్క చుక్క పొయ్యలేదట! ఎవరికి పోస్తున్నాడే?" అంది అక్క. "రేపు పొద్దున్నే బయల్దేరు. నేనూ మీ బావా వెనకే వస్తాం."

మర్నాడు భార్య ఎవరికోసమూ ఆగలేదు. కొంగు నడుముకి దోపుకుని ఒక్కతే తోటలోకి దూసుకొచ్చింది. కుప్ప అవతల నుంచి మొగుడి గొంతు వినిపించింది.

"నా బంగారం కదూ! ఈ ఒక్కరోజూ నా పరువు కాపాడు. ఇంట్లోదానికి తెలియనివ్వను."

"తెలిసిపోయిందిలెండి!" అంటూ అవతలికి దూకింది. నర్సమ్మ లేదు. మొగుడు మోకాళ్ళ మీద కూర్చుని, కుప్పనే బతిమాలుతూ ఎరువులోకి వేడినీళ్ళు పోస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

గుమాస్తాకి ఏడుపొక్కటే తక్కువ. "పొద్దస్తమానం బావగారు, బావగారు అంటావుగా. ఆయన్ని చూసి ఏడ్చి చస్తున్నాను. ఒక్కసారి నీ చేత నన్ను మెచ్చించుకుందామని..."

"ఆయన్ని మెచ్చుకున్నానా నేను? అక్క గొప్పలు వినలేక కడుపు రగిలిపోయి, మీకు కాస్త రోషం వస్తుందని అన్నాను!"

గేటు చప్పుడైంది. అక్క, ఆవిడ వెనక ఆవులిస్తూ బావగారు, వాళ్ళతోపాటే టీచరమ్మ వస్తున్నారు. భార్య ఖాళీ ఫ్లాస్కు లాక్కుని కొంగు కింద దాచింది.

"ఆ రెండోది కూడా పోసెయ్యండి, త్వరగా!" అంది.

టీచరమ్మ చెయ్యి దూర్చింది. ఈసారి "అమ్మో" డిపో దాకా వినిపించింది. చెయ్యి ఊదుకుంటూనే ఆవిడ తీర్పు చెప్పింది. "ఇన్నాళ్ళూ వేడి తగ్గలేదంటే మాటలు కాదు. ఇవాళ్టి నుంచి తోటలో కుప్పలన్నీ మీవే. చలికాలం అయ్యేదాకా రోజూ తిరగెయ్యండి."

"అక్కా, బావగారికి కాస్త నేర్పమని మా ఆయనతో చెప్పనా?" అంది భార్య తీయగా. అక్క మొహం మాడిపోయింది. జీవితంలో గుమాస్తాకి అంత సుఖమైన క్షణం లేదు.

తోడల్లుడు అతన్ని పక్కకి తీసుకెళ్ళి గట్టిగా కౌగిలించుకున్నాడు. "బతికించావు తమ్ముడూ! నా కుప్ప వేడెక్కిందని టీచరమ్మ ఇన్నాళ్ళూ ఆ పని నాకే అప్పగించింది. ఆ కుప్పలన్నీ తిరగేసి నా నడుం పడిపోయింది. ఎవరికి అంటగట్టాలో తెలియక చస్తున్నాను."

ఇప్పుడు భార్యే చీకటితో లేపుతుంది, ఎంతో గర్వంగా. గుమాస్తా భుజాన పార వేసుకుని బయల్దేరతాడు. దారిలో తోడల్లుడి ఇంటి కిటికీలోంచి నిశ్చింతగా గురక వినిపిస్తుంది.

ఆవిరిని చూసి కుళ్ళుకున్న రోజులే నయమనిపిస్తుంది అతనికి.