మా మృదుల ఏ ఋతువు?

మా నాగేశ్వరి వదిన మీద నాకు చెప్పుకోదగ్గ ఫిర్యాదులేమీ లేవు. మా ఆయనకు అక్కగారు, మన్సూరాబాదులో కాపురం, మనసు మంచిది. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, అన్నంలో పప్పుచారు కలుపుకుంటూ నా ముఖంలోకి కాసేపు తదేకంగా చూసి, "నువ్వు చలికాలానివే" అన్నారు. అంతే ఫిర్యాదు.

ఆడపడుచు అన్న ప్రతి మాటా తిట్టు కాదని తరువాత తెలిసింది. వదిన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు తీసుకుంటున్నారు. మొన్నటిదాకా జావా చెప్పిన గదిలోనే, ఆ బోర్డు మీదే, ఆ ఎండిపోయిన మార్కరుతోనే ఇప్పుడు మనుషుల రంగులు చెబుతున్నారు. సంస్థ పేరు ఋతురంగ కలర్ అకాడమీ. క్రాష్ కోర్సు, స్పైరల్ బైండింగ్ మెటీరియల్, చివర్లో మోడల్ పరీక్ష.

కనుక పాఠకులకు తెలియజేయడమేమనగా: మనుషులందరూ నాలుగు ఋతువులుగా పుడతారు: స్ప్రింగ్ అనే వసంతం, సమ్మర్ అనే వేసవి, ఆటమ్ అనే ఆకురాలు కాలం, వింటర్ అనే చలికాలం. ఒక్కో ఋతువులో మళ్ళీ మూడేసి ఉపశాఖలు, చిక్కని చాయకు డీప్, లేత చాయకు లైట్ వగైరా. ఒంటి చాయ, కళ్ళు, జుట్టు పరిశీలించి, ఎవరిది ఏ ఋతువో తేల్చి, ఇక జన్మంతా ఆ ఋతువు రంగులే కట్టించడం ఈ శాస్త్రం పని. మన పెద్దలు ఋతువులు ఆరనుకుని ఇన్నాళ్ళూ రెండు ఎక్కువ మోశారు.

వదిన మా ఇంటి మీద సాధన చేశారు. మా ఆయన వెంకట్రావు గారు 'సాఫ్ట్ సమ్మర్' అని తేలింది. అంటే వేసవే, కానీ ఎండ ఉండదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేనూ అదే అంటున్నాను. నాకు సర్టిఫికెట్ లేదు, అంతే తేడా. నేను చలికాలాన్ని కనుక నాకు బంగారం నప్పదని, వెండి మాత్రమే నప్పుతుందని శాస్త్రం చెప్పింది. వదినకు మాత్రం బంగారమే నప్పుతుంది. శాస్త్రం ఎవరి పక్షాన పుట్టిందో నేను వేరే చెప్పక్కర్లేదు. మా అత్తగారు సీతామహాలక్ష్మి గారిని "అమ్మా, నీది ఏ ఋతువో చూస్తాను, ఇలా వెలుతుర్లోకి రా" అని పిలిస్తే, ఆవిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ, "నాకు ఋతువేమిటే, నాది తణుకు" అన్నారు.

ఈ శాస్త్రంలో అందరూ తప్పే ప్రశ్న ఒకటుంది. 'డీప్ ఆటమ్‌కును, డీప్ వింటర్‌కును గల భేదములను సోదాహరణముగా వివరింపుము.' రెండూ చిక్కని చాయ గల మనుషులవే. జుట్టు నలుపే, కళ్ళు నలుపే, పైకి కవలలు. తేడా అంతా చర్మం అడుగున ఉంటుందట. దాన్ని అండర్‌టోన్ అంటారు. అడుగున వెచ్చగా ఉంటే ఆటమ్. ఆవాల పసుపు, ఇటుక రంగు, బంగారం వారివి. అడుగున చల్లగా ఉంటే వింటర్. పాలతెలుపు, నేరేడు రంగు, వెండి వారివి. ఒకరి రంగు ఇంకొకరు కట్టారో, ముఖం పీక్కుపోయి మూడు లంఖణాలు చేసినట్టు అవుతుంది. మోడల్ పరీక్షలో ఈ ప్రశ్నకు వదిన అదనపు కాగితాలు అడిగి మరీ రాశారు.

ఆ ప్రశ్నే తన కూతురి రూపంలో ఇంట్లో తిరుగుతోందని ఆవిడకు అప్పటికి తెలియదు.

వదిన కూతురు మృదుల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చురుకైన పిల్ల. మృదుల రంగు గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం. 'కళగల ముఖం' అన్నాం. 'ఎత్తరి' అన్నాం. 'కనుముక్కు తీరు చూడండి' అన్నాం. పోయిన ఏడాది ఒక సంబంధం వాళ్ళు "అమ్మాయి అన్నివిధాలా బాగుంది, కానీ" అని, ఆ 'కానీ' దగ్గరే ఫోను పెట్టేశారు. అందుకే వదిన మంగళవారం నాడు కూతుర్ని తమ ఇంటి వరండాలో కూర్చోబెట్టి, మణికట్టు నరాల రంగు చూసి, చివరికి బయోడేటాలో రంగు అన్నచోట 'డీప్ వింటర్' అని రాసినప్పుడు మా అందరి ప్రాణం చల్లబడింది. ఏదో ఖరీదైన ఐస్‌క్రీమ్‌లా ఉంది.

ఆ బయోడేటాకు చంపాపేట్ నుంచి గౌతమ్ సంబంధం వచ్చింది. పెళ్ళిచూపులకు ముందే ఇద్దరూ రెండుమూడుసార్లు కాఫీ తాగారు. "ఎలా ఉన్నాడే?" అని అడిగితే మృదుల, "నన్ను చూస్తూ మాట్లాడతాడత్తా. నా పక్కనున్న గోడను కాదు" అంది. అంతకంటే ఏం కావాలి. ఆ పిల్ల పెళ్ళి విషయంలో కళ్ళు ఎత్తి మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం.

పెళ్ళిచూపులు శుక్రవారం, మా ఇంట్లో. గౌతమ్ తల్లి ఇంద్రాణి గారు కిటికీ పక్కన కూర్చుని, మృదులను ఎగాదిగా చూసి, "అమ్మాయి చక్కటి డీప్ ఆటమ్ కదూ, వదినగారూ" అన్నారు. విచారించగా, ఇంద్రాణి గారు ఎల్.బి. నగర్‌లోని వేరొక సంస్థలో ఇదే విద్య అభ్యసించి ఉన్నారు. వదినది నరాలు చూసే సంప్రదాయం, వీరిది మెడకు రంగు గుడ్డలు కప్పే సంప్రదాయం. ఒకే వియ్యానికి ఇద్దరు పండితులు.

నిశ్చితార్థానికి పెళ్ళికూతురి చీర మగపెళ్ళివారు పెట్టడం మా వైపు ఆచారం. ఇంద్రాణి గారు ఆవాల పసుపు పట్టుచీర తీసి, ఫొటో పంపారు. వదిన వెంటనే ఫోను చేశారు.

"వదినగారూ, మా పిల్ల వింటరండీ. ఆ చీర కడితే ఆసుపత్రి నుంచి తెచ్చినట్టుంటుంది. నేరేడు రంగుకి మార్పించండి."

"మీకు వింటరేమో గానీ, మా ఇంటికొచ్చే కోడలు ఆటమ్. నేను కళ్ళారా చూశాను."

"కన్నదాన్ని నాకు తెలీదా?"

"కనడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు కదండీ."

ఆ తరువాత సంభాషణ పెళ్ళి వాట్సాప్ గ్రూపులోకి మారింది. వెంటనే బంధువర్గం ఆటమ్‌లుగా, వింటర్‌లుగా చీలిపోయింది. డీప్ అంటే ఏమిటో తెలియని మా చినమామగారు ఉభయుల మెసేజ్‌లకూ దణ్ణం బొమ్మ పెట్టి, ఉభయులకూ శత్రువయ్యారు. చివరికి ఇంద్రాణి గారు ఒక ప్రకటన విడుదల చేశారు: "చీర మారదు. అవసరమైతే ముహూర్తం మారుతుంది." వదిన బదులిచ్చారు: "ముహూర్తమే ఎందుకు, ఇంకేదైనా మార్చుకోవచ్చు."

ఆ రాత్రి మృదుల మా వంటింట్లో గట్టు మీద కూర్చుని, "అత్తా, పోయినేడు వాళ్ళు నన్ను తెలుగులో వద్దన్నారు. ఇప్పుడు ఇంగ్లీషులో వద్దనబోతున్నారు. అంతేగా తేడా?" అంది. నేను చారులో కరివేపాకు వేశాను. కొన్ని ప్రశ్నలకు అదనపు కాగితాలు ఇచ్చినా రాయలేం.

ఉభయ పక్షాల పెద్దలు కలిసి, సంయుక్త పరిశీలన జరిపించాలని తీర్మానించారు. స్థలం: ఎండ నేరుగా పడని ఉత్తరపు కిటికీ ఉన్నందున మా ఇల్లు. రోజు: మంచిది కనుక శుక్రవారం. వెలుతురు చెడగొడుతున్నాడని మా ఆయన్ని బాల్కనీలోకి పంపారు. అక్కడ అప్పటికే గౌతమ్ ఉన్నాడు, చీర కవరు ఒళ్ళో పెట్టుకుని. మా ఇంటి ఓనరు అండాలమ్మ గారు, నల్గొండ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడినావిడ, ఇంత మంది చెప్పులు మెట్ల మీద చూసి ఏమైందోనని పైకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఇంద్రాణి గారు ప్రారంభోపన్యాసం చేశారు. "సోదరీమణులారా, రంగు అనేది మనం చూసేది కాదు. మనల్ని చూసేది." దీని అర్థం ఆవిడకూ తెలియదని నా అనుమానం. అయినా అండాలమ్మ గారు చప్పట్లు కొట్టారు.

మృదుల జుట్టు కట్టేసి, మెడ చుట్టూ తెల్లటి గుడ్డ కప్పారు. వింటర్ అయితే ఆ తెలుపులో ముఖం తేటపడాలి. ఒక నిమిషం చూశారు. వదిన ముఖం పాలిపోయింది. మృదుల ముఖంలో స్పష్టంగా పసుపుచాయ. వరండాలో చూసిన పిల్ల ఇది కాదు. గుడ్డ తీసి చూస్తే మెడకు తగిలిన చోటల్లా పసుపు మరక.

"చూశారా," అన్నారు ఇంద్రాణి గారు గద్గదంగా. "అండర్‌టోన్. మా మేడం చెబితే విన్నాను గానీ, గుడ్డకు అంటుకునేంత అండర్‌టోన్ చూడటం ఇదే మొదలు."

"గా టోనేంది?" అన్నారు అండాలమ్మ గారు. "పిల్లకు కామెర్లు గిట్ల అయినయేమో. జర దవాఖానల సూపియ్యుండ్రి."

చిక్కుడుకాయల దగ్గర్నుంచి మా అత్తగారు తల ఎత్తకుండానే అన్నారు: "అది పసుపు. పొద్దున తలంటి పోసి నేనే రాశాను. శుక్రవారం శుక్రవారం రాస్తాను. దాని బారసాల అయిన దగ్గర్నుంచీ."

మృదుల చిన్నప్పటి నుంచీ శుక్రవారం తలంటుకు అమ్మమ్మ దగ్గరికి వస్తుందన్న సంగతి అందరికీ తెలుసు. కనుక ఇద్దరి శాస్త్రమూ సరైనదే. మా మృదుల మంగళవారాల్లో వింటర్, శుక్రవారాల్లో ఆటమ్.

సబ్బుతో ముఖం కడిగించి మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి గుడ్డలు తుఫానులా వచ్చాయి. ఇటుక రంగు, నేరేడు, బంగారు తళుకు, వెండి తళుకు. "ఇందులో తేలింది చూడండి." "ఏం తేలింది, ఇందులో కదా ఒక మెట్టు తేలింది." "ఇది వేస్తే అణిగింది, తీసేయండి." నేను తలుపు దగ్గర నిలబడి వింటున్నాను. పన్నెండు ఋతువులూ, రెండు సంస్థలూ, ఇన్ని గుడ్డలూ తిరిగి తిరిగి ఒక్క మాట చుట్టే తిరుగుతున్నాయి. ఆ మాట మాత్రం ఎవరి నోటా రావడం లేదు.

మృదుల మెడలో గుడ్డ తనే తీసేసింది. "అమ్మా, నేను దేంట్లో బాగుంటానని చూస్తున్నారా, దేంట్లో తెల్లగా ఉంటానని చూస్తున్నారా?"

వదిన గుడ్డలు మడతపెట్టడం మొదలుపెట్టారు. మృదుల అమ్మమ్మ వైపు తిరిగింది. "నువ్వు ఇన్నేళ్ళు పసుపు ఎందుకు రాశావు అమ్మమ్మా?"

"రంగు తేలతావనే తల్లీ."

"తేలానా?"

మా అత్తగారు అబద్ధం ఆడని మనిషి. మనవరాలిని తేరిపార చూసి, "లేదు. శెనగపిండి పాళ్ళు ఎక్కువ వేయాల్సింది" అన్నారు.

"ఎంత పాళ్ళండీ?" అని ఉభయ శాస్త్రాలూ ఒక్క గొంతుతో అడిగాయి.

మృదుల లేచి బాల్కనీ తలుపు తీసింది. "గౌతమ్, నేను ఏ రంగు?"

గౌతమ్ తల్లి వైపు చూశాడు. ఆవిడ పెదవులతో 'ఆటమ్' అని అందిస్తున్నారు. తరువాత మృదులను చూశాడు, నిదానంగా, గోడను కాదు. "నలుపు" అన్నాడు. "ఏం, ఇప్పుడేమైనా మారిందా?"

మా ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. పైకప్పు కూలలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మృదుల మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, గుమ్మానికి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అతని చేతిలో కవరు తీసుకుని చీర విప్పింది. "ఇది నాకు నచ్చింది. ఫొటో వచ్చిన రోజే నచ్చింది. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు. ఇదే కడతాను."

ఇంద్రాణి గారు దీన్ని ఎల్.బి. నగర్ విజయంగా ప్రకటించారు. వదిన అవమానం పాలు కాకుండా, పాదాలు మాత్రం వింటర్ అని ఒప్పందం కుదిరింది. పట్టీలు ఎలాగూ వెండివే కదా. వెళ్తూ వెళ్తూ అండాలమ్మ గారు, "నాది గూడ ఏ కాలమో జర సూడుండ్రమ్మా" అని ఇద్దరినీ కిందికి తీసుకుపోయారు. ఆవిడ ఇప్పుడు వేసవి.

నిశ్చితార్థం దివ్యంగా జరిగింది. ఆ చీరలో మృదుల ఎంత బాగుందంటే, ఇద్దరు పండితులూ గుడ్డల ఊసెత్తడం మరిచిపోయి ముందు భోజనాలకు వెళ్ళారు. మా అత్తగారు దిష్టి తీశారు. తెలుపు నలుపుల ప్రసక్తి లేకుండా మా కుటుంబంలో ఒక శుభకార్యం అయిపోయిందని నేను సంతోషించాను. తొందరపడ్డానని ఆల్బమ్ వచ్చాక తెలిసింది.

ఫొటోగ్రాఫర్ రాజు పనిమంతుడు. ఆల్బమ్ మా ఇంటికే తెచ్చిచ్చాడు. అందరం చుట్టూ చేరి తెరిచాం. ఆవాల పసుపు చీరలో, గౌతమ్ పక్కన, కొత్తగా సున్నం కొట్టిన గోడలాంటి అమ్మాయి ఒకతె నవ్వుతోంది.

"ఈ అమ్మాయెవరు?" అంది మృదుల.

"మీరే మేడం," అన్నాడు రాజు. "జర బ్రైట్ చేసినం. ఎక్స్‌ట్రా ఏం తీసుకోం, పెండ్లికూతుర్లందరికీ చేస్తం."

"నా ఫొటో నాకివ్వు రాజూ. నేనున్నది."

రాజు నిజంగా పరేషాన్ అయ్యాడు. "గట్ల ఎవ్వరు అడగలే మేడం ఇప్పటిదాంక."

అది నిజమేనని నేను పూచీ ఇవ్వగలను. కావాలంటే మీ ఇంటి ఆల్బమ్ తీసి చూసుకోండి, నేనిక్కడే ఉంటాను.

ఇంతలో వదినా, ఇంద్రాణి గారూ ఆల్బమ్‌ను ఉత్తరపు కిటికీ దగ్గరికి మోసుకెళ్ళారు. అటు తిప్పారు, ఇటు వంచారు. కళ్ళజోళ్ళు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. పక్కనే నిలబడి, "అమ్మా, నేనిక్కడున్నాను" అంటున్న మృదులను ఒక్కసారీ చూడలేదు. ఫొటోలో బుగ్గ మీద వేలు పెట్టి ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. మొదటిసారిగా ఇద్దరి తలలూ ఒకేలా ఊగాయి.

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఓటమి ఒప్పుకోని మా నాగేశ్వరి వదిన, వియ్యపురాలి చెయ్యి పట్టుకుని, అందరూ వినేలా అన్నారు:

"తప్పు నాదే, వదినగారూ. పిల్ల అసలు డీపే కాదు. లైట్ స్ప్రింగ్."